కిటికీ దగ్గరి బల్ల

వోల్డన్
20 సెప్టెంబరు 1993

మావిస్ పెద్దమ్మకు, నీ ఐలీన్ క్షేమంగా చేరి రాస్తున్న మొదటి ఉత్తరం.

ఉద్యోగంలో చేరి వారమైంది. ఇంకా శిక్షణలో ఉన్నదాన్నే అయినా నాకంటూ ఒక బల్ల ఇచ్చారు. దాని సొరుగు తెరుచుకోదు. అయినా బల్ల బల్లే.

బస్టాండులో నువ్వు అడిగావు, ఇంతకీ మీ కేంద్రంలో చేసే పనేమిటే అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను. ఈ చుట్టుపక్కల ప్రతి ఊళ్లోనూ చిన్న చిన్న సంఘాలున్నాయి. రోగుల్ని తమ కార్లలో ఆస్పత్రికి తీసుకెళ్లేవాళ్లు, పిల్లలకు బ్యాండు నేర్పేవాళ్లు, చర్చి హాల్లో నువ్వూ నీ స్నేహితులూ వండే గురువారం భోజనం లాంటివి. అందరూ జీతం లేకుండా చేసేవాళ్లే. వాళ్లకు చోటు లేకపోతే చోటు చూపించడం, మనుషులు చాలకపోతే మనుషుల్ని పంపడం, వాళ్ల తరఫున కౌన్సిల్‌తో మాట్లాడటం మా పని. అంటే సాయం చేసేవాళ్లకు సాయం చేస్తాం. మా ఆఫీసు పెద్దావిడ మిసెస్ లాంగ్లీ దీన్ని ‘బలోపేతం చెయ్యడం’ అంటారు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, గదికి వస్తూ దారి పొడుగునా లోలోపల అనుకుంటూనే వచ్చాను. నోట్లో మిఠాయి ఉన్నట్టే ఉంది.

గది చెప్పుల దుకాణం మీద ఉంది. కిటికీ ఉంది గానీ దాని ఎదురుగా గోడ. చిత్రమేమిటంటే ఇక్కడ సముద్రం చప్పుడు లేక నిద్ర పట్టడం లేదు. ఎవరితోనూ పెద్దగా పరిచయం కాలేదు. అవుతుందిలే.

అక్టోబరు ఏడున మన స్కెర్‌బీ వస్తున్నాను, ఆఫీసు పని మీద. మీ గురువారం భోజనాన్ని చూసి మీకేం కావాలో తెలుసుకు రమ్మన్నారు. మొట్టమొదటి పనే మన ఊళ్లో. గర్వంగా ఉంది.

నువ్వు పెంచిన
ఐలీన్

*

స్కెర్‌బీ
24 సెప్టెంబరు

ఐలీన్ తల్లీ,

మమ్మల్ని బలోపేతం చెయ్యడానికి వస్తున్నావన్నమాట. మేమేమన్నా కూలిపోతున్న గోడలమా? రా, వచ్చి సున్నం కూడా కొట్టిపో.

ఇక్కడ మన బోర్డింగ్ హౌస్‌లో సీజన్ అయిపోయింది, సముద్రం చూడటానికి వచ్చేవాళ్లు ఇక రారు. ఆఖరి అతిథులు శనివారం వెళ్లారు. బ్రాడ్‌ఫోర్డ్ దంపతులు, గుర్తున్నారుగా, పదిహేనేళ్లుగా ఏటా వచ్చి ఏటా పరుపు గట్టిగా ఉందనేవాళ్లు. ఈసారి ఆ మాట అనలేదు. ఆయనకు ఒంట్లో బాగున్నట్టు లేదు. మేడ మీది గదులకు దుప్పట్లు కప్పి తాళాలు వేశాను. భోజనాల గదిలో బల్లలన్నీ గోడకు జరిపాను. ఇక ఈస్టర్ దాకా వంటింట్లోనే నా కాపురం. టెలిఫోను మోగితే ఎవరో పోయారని అర్థం కాబట్టి, మోగకపోవడమే మేలు.

గురువారం గురించి నువ్వు చూసేందుకు ఏముంది? పెర్సీ పొద్దున్నే తన కత్తి తనే తెచ్చుకుని బంగాళాదుంపలు చెక్కు తీస్తాడు. చేపల పడవ మీద ముప్పై ఏళ్లు వంట చేసినవాడికి మన కత్తులు ఆనవు. డోరీన్ పియానో వాయిస్తానని వస్తుంది. వాయించేది తక్కువ, పియానో మూత తుడిచేది ఎక్కువ. మిగతావాళ్లూ ఏదో ఒకటి చేస్తారు. పని లేకుండా వచ్చేవాళ్లు ఎవరూ లేరు.

నువ్వు సరిగ్గా తింటున్నావా? ఆ గదిలో కూర్చోవడానికి కుర్చీ ఇచ్చారా?

మీ పెద్దమ్మ
మావిస్

*

వోల్డన్
11 అక్టోబరు

పెద్దమ్మా,

కుర్చీ ఉంది. దాని మీద పుస్తకాలు పెట్టుకున్నాను. తినడానికేం, సింకు పక్కన నిలబడి రెండు నిమిషాల్లో కానిచ్చేస్తాను. దాని గురించి ఆలోచించకు.

గురువారం నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. నేను చదివే పుస్తకాల్లో ‘స్వచ్ఛంద సేవ’ అని ఉంటుంది. ఆ మాట వెనక ఉన్న మనుషులు నాకు చిన్నప్పటి నుంచీ తెలిసినవాళ్లే అని అప్పుడే తట్టింది. పెర్సీ గారు చెక్కు తీస్తుంటే తొక్క ఎక్కడా తెగకుండా వస్తోంది. పాత రోజుల్లో హోటల్ వెయిటరుగా చేసిన ఆ ఆర్నాల్డ్ గారు తెల్లగుడ్డలు పరిచి, ఫోర్కులు కొలత పెట్టినట్టు సర్దారు. కిటికీ దగ్గరి బల్ల మీద నువ్వు పూలు కూడా పెట్టావు.

కానీ పెద్దమ్మా, ఒక్క విషయం నన్ను కలవరపెట్టింది. భోజనం సిద్ధమైంది. బల్లలన్నీ ఖాళీగానే ఉన్నాయి. మీరంతా వంటింటి గుమ్మంలోనూ గోడల వెంబడీ నిలబడి, పళ్లెం చేత్తో పట్టుకుని గబగబా తినేశారు. తినడానికి రావలసినవాళ్లు ఎప్పుడొస్తారని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను. ఆఖరికి అడిగాను కదా, సాయం చెయ్యడానికి వచ్చినవాళ్లు చేతులెత్తమని. అందరూ ఎత్తారు. తినడానికి వచ్చినవాళ్లు ఎత్తమన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు. డోరీన్ గారు కిటికీ వంక చూశారు. పెర్సీ గారు కత్తి తుడుచుకున్నారు.

ఇదంతా మిసెస్ లాంగ్లీకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, ఇంతమంది మంచి పనివాళ్లు ఎవరూ తినని భోజనం వండుతూ వృథా అయిపోతున్నారు, పక్క ఊళ్లలో మనుషులు చాలక సంఘాలు మూతపడుతున్నాయి అన్నారు. నిజమే కదా. అందుకని మీ అందరికీ తగిన చోట్లు చూస్తున్నాం. నువ్వు ఆస్పత్రిలో టీ బండి తిప్పడం. పెర్సీ గారు బళ్లో పిల్లలు చదువుతుంటే వినడం. డోరీన్ గారికి వృద్ధాశ్రమంలో పియానో, అదీ శ్రుతి చేసిన పియానో. గురువారం భోజనం ప్రస్తుతానికి ఆపుదాం. హాలు కొత్త సంవత్సరం దాకా మీ పేరునే ఉంటుంది.

మీ చేతులకు విలువ దొరకాలని నా ఆశ. నీకు నచ్చుతుంది కదూ?

ఐలీన్

*

స్కెర్‌బీ
15 అక్టోబరు

ఐలీన్,

కావాలన్న చోటికి వెళ్తాం. సాయానికి రమ్మంటే రానన్నవాళ్లు మన ఊళ్లో లేరు. అందరికీ చెప్పాను. సరేనన్నారు.

నిన్న పెద్ద గిన్నె ఇంటికి తెచ్చాను, అక్కడ పెడితే తుప్పు పడుతుందని. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే డ్రైవరు, “ఏం మావిస్ గారూ, ఊరంతటికీ వంటా?” అన్నాడు. కాదు నాయనా, ఇంటికే అన్నాను. ఆ గిన్నెలో ఒక్కదాన్ని కస్టర్డ్ కాచుకుంటే అడుగు కూడా తడవదు. మెట్ల కింద పెట్టాను.

ఆస్పత్రికి మంగళవారం, రెండు బస్సులు మారాలి. ఫరవాలేదు, నాకు వేరే పనేముంది.

గాలి మొదలైంది.

మావిస్

*

వోల్డన్
8 నవంబరు

పెద్దమ్మా,

ఈమధ్య నీ ఉత్తరాలు అర పేజీ కూడా దాటడం లేదు. ఆస్పత్రి పని ఎక్కువగా ఉందేమో అనుకుంటున్నాను. అక్కడి నర్సు నీ టీ గురించి మా ఆఫీసుకు ఫోను చేసి మరీ చెప్పింది, వార్డంతా మంగళవారం కోసం ఎదురుచూస్తోందట. మిసెస్ లాంగ్లీ నా భుజం తట్టారు. స్కెర్‌బీ నుంచి మూడు ఊళ్లకు మనుషులు వెళ్తున్నారు కదా, దీన్నే బలోపేతం అంటారు అన్నారు.

నిజం చెప్పనా, ఆ భుజం తట్టినప్పుడు తప్ప ఈ వారం నన్నెవరూ తాకలేదు. బస్సులో మీద పడ్డవాళ్లను లెక్కేస్తే తప్ప. నవ్వుకో.

ఒక చిన్న సంగతి. పెర్సీ గారు వరసగా రెండు గురువారాలు బడికి వెళ్లలేదట. పిల్లలు పుస్తకాలు పట్టుకుని కూర్చున్నారని టీచరు కాస్త నొచ్చుకుంది. మాట ఇచ్చాక రాకపోతే మిగతా అందరికీ చెడ్డపేరు కదా. ఇవాళ మా ఆఫీసు నుంచి ఆయనకు ఉత్తరం వెళ్లింది. మర్యాదగానే రాశాం, నేనే రాశాను. నువ్వు కూడా ఒక మాట చెప్పు. ఆయనకు బద్ధకమంటే నేను నమ్మను. పిల్లలంటే మొహమాటమేమో.

ఐలీన్

*

స్కెర్‌బీ
17 నవంబరు

ఐలీన్,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చించేశాను. ఇది మూడోది. ఇలాగే పంపుతున్నాను.

పెర్సీ బడికి ఎందుకు వెళ్లలేదో చెప్తాను. ఆ రెండు గురువారాలూ కత్తి జేబులో పెట్టుకుని హాలు దగ్గరికే వెళ్లాడు. పదేళ్ల అలవాటు. తాళం వేసి ఉంది. అక్కడే నిలబడ్డాడు. చేపలమ్మే ఆవిడ చూసిందట. ఏం పెర్సీ, ఎవరికోసం అని అడిగితే, “ఎవరికోసమూ కాదమ్మా, గాలి తగ్గాక పోదామని” అన్నాడట. ఆ రోజు గాలే లేదు.

ఆ తర్వాతి ఆదివారం సాయంత్రం ఇంట్లో మెట్ల మీంచి పడ్డాడు. తుంటి విరిగింది. లేవలేకపోయాడు. అలాగే నేల మీద, చలిలో, బుధవారం పొద్దుట దాకా పడి ఉన్నాడు. ఎవరికీ తెలియలేదు. ఎందుకు తెలుస్తుంది? గురువారం పొద్దున పెర్సీ రాలేదంటే, పది గంటలకల్లా మాలో ఎవరో ఒకరు వెళ్లి తలుపు కొట్టేవాళ్లం. గురువారం కోసం ఆగే పని కూడా ఉండేది కాదు. సోమవారం దుంపలెన్ని అని అడగడానికి నేనెళ్లేదాన్ని, మంగళవారం క్యారెట్లు ఇవ్వడానికి డోరీన్ వెళ్లేది. ఇప్పుడు ఎవరికీ ఎవరింటికీ పోవలసిన పని లేదు. మంగళవారం నేను ఆస్పత్రిలో, నాకు తెలియనివాళ్లకు టీ పోస్తున్నాను.

అతన్ని ఎవరు చూశారో కూడా నీకు చెప్పాలి. పోస్టుమాన్. పెర్సీ ఇంటి తలుపుకు ఉత్తరాల సందు కిందికి ఉంటుంది. మీ ఆఫీసు ఉత్తరం అందులో తోయడానికి వంగితే లోపల చెయ్యి కనిపించింది. అంటే నీ ఉత్తరమే అతన్ని బతికించింది. ఆ మాట నీకు దక్కాలి కాబట్టి రాస్తున్నాను. ఆ ఉత్తరంలో ఏముందో అతనికి చదివి వినిపించింది కూడా నేనే.

నువ్వు అడిగావు, తినడానికి వచ్చినవాళ్లు చెయ్యెత్తండి అని. నువ్వు ఈ బోర్డింగ్ హౌస్‌లో పెరిగావు. పదేళ్లు నా వంటింట్లో తిన్నావు. ఇక్కడ ఎవరైనా కూర్చుని తినగా చూశావా? ఈ ఊరంతా వచ్చినవాళ్లకు వడ్డించి బతికింది. కూర్చునేది అతిథులు. మనం నిలబడతాం.

మావిస్

*

వోల్డన్
20 నవంబరు

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. ఆ తర్వాత మొహం కడుక్కుని వచ్చి మిసెస్ లాంగ్లీకి ఇచ్చాను, చదవమని. ఆవిడ చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “మనం చేతులు లెక్కపెట్టాం ఐలీన్, మనుషుల్ని కాదు” అన్నారు. అంతకుమించి నన్నేమీ అనలేదు. తిడితే బాగుండేది.

తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంది. అన్ని బల్లలు వేసి, గుడ్డలు పరిచి, మీలో మీరే ఒకరి బాగోగులు ఒకరు చూసుకుంటున్నారు. ఆ భోజనం ఎవరికోసమో నేను తప్ప అందరికీ తెలుసు.

మళ్లీ మొదలుపెడదాం. కానీ ఇప్పుడొక చిక్కు వచ్చింది. హాలు అద్దె కట్టేది కౌన్సిల్. ఎవరికో ఒకరికి మేలు జరుగుతోందంటేనే కడతారు. వ్యాయామం క్లాసు వాళ్లు గురువారం హాలు తమకివ్వమని ఇప్పటికే అడిగారు. మిసెస్ లాంగ్లీ పోట్లాడి ఒక్క అవకాశం సంపాదించారు. జనవరి పదమూడు, గురువారం, కౌన్సిల్ నుంచి ఒకాయన వచ్చి చూస్తారు. ఆ రోజు కొందరైనా ‘మేం తినడానికి వచ్చాం’ అని కూర్చోవాలి. ఆయన కళ్లతో చూడాలి. లేకపోతే హాలు పోతుంది, పెద్దమ్మా. గురువారం పోతుంది.

ఇంత జరిగాక, చుట్టమున్న చోటికి ఇక నన్ను పని మీద పంపరు. కాబట్టి ఆ రోజు నేను రాలేను. నువ్వే అందరినీ అడగాలి. డోరీన్ గారిని, ఆర్నాల్డ్ గారిని. ఒక్కరు ముందు కూర్చుంటే మిగతావాళ్లు కూర్చుంటారు. నువ్వైతే వాళ్లకు నచ్చజెప్పగలవు.

పెర్సీ గారికి నేను రాసిన ఉత్తరాన్ని చించేయమని చెప్పు.

ఐలీన్

*

స్కెర్‌బీ
5 డిసెంబరు

ఐలీన్ తల్లీ,

పెర్సీ ఆ ఉత్తరాన్ని చించలేదు. తలగడ కింద పెట్టుకున్నాడు. “నన్ను రమ్మని ఇంత అందంగా ఎవరూ రాయలేదు మావిస్” అన్నాడు. వెక్కిరింతో నిజమో ఆ మొహంలో తెలియదు.

నువ్వు చెప్పినట్టే ఇల్లిల్లూ తిరిగాను. డోరీన్ టీ ఇచ్చింది, నాలుగు రకాల బిస్కెట్లు పెట్టింది, అంతా విని, “నాకెందుకు మావిస్, నేను బానే ఉన్నాను. పాపం ఆర్నాల్డ్‌కి ఎవరూ లేరు, అతన్ని కూర్చోబెట్టు” అంది. ఆర్నాల్డ్ దగ్గరికి వెళ్లాను. తలుపు తెరిచేసరికి టై కట్టుకుని ఉన్నాడు. ఎవరైనా వస్తున్నారా అంటే లేదన్నాడు. అంతా విని, కూర్చోవలసింది డోరీన్ కదా, ఆవిడ ఇంట్లో రేడియో ఆగకుండా మోగుతోందంటే అర్థం కాలేదా అన్నాడు. తను మాత్రం వడ్డిస్తాడట. పెర్సీ అయితే ఆస్పత్రి మంచం మీద పడుకుని కాలు కదపలేని స్థితిలో, ఇద్దరినీ కూర్చోబెట్టు, దుంపలు నేను చూసుకుంటా అంటాడు. ఇంకా మిగతా ఇళ్లలోనూ ఇదే పాట. ప్రతివాళ్లకూ పక్కింట్లో ఎవరికి సాయం కావాలో బాగా తెలుసు.

నా పేరు ఎవరైనా చెప్పారా అని నువ్వు అడగకముందే చెప్తున్నాను. అందరూ చెప్పారు.

వాళ్లకు మతి పోయింది. నాకేం తక్కువ? ఇంత ఇల్లుంది.

క్రిస్మస్‌ భోజనానికి నువ్వు వస్తావని కొట్లో పెద్ద బాతు చెప్పమంటావా, చిన్నది చాలా?

మావిస్

*

వోల్డన్
19 డిసెంబరు

పెద్దమ్మా,

బాతు చెప్పకు. నేను రాలేనేమో. ఇక్కడ ఇల్లు లేనివాళ్ల కోసం స్టేషను దగ్గర పండగ భోజనం పెడుతున్నారు. వడ్డించడానికి నా పేరిచ్చాను. ఎవరూ దొరకడం లేదని అడిగితే కాదనలేకపోయాను. పైగా నీకు డోరీన్ గారు ఉన్నారుగా. పోయినసారి ఆవిడ నాతో అన్నారు, పండగకు మీ పెద్దమ్మ దగ్గరే ఉంటానని. నువ్వు ఒంటరిగా ఉంటావని తెలిస్తే వచ్చేదాన్నే.

ఇక్కడ మంచు పడుతోంది. నా కిటికీ ఎదుటి గోడ కూడా అందంగా ఉంది. ‘నిశ్శబ్దం’ అనే మాట మీద ఒక పేజీ రాశాను, శిక్షణ క్లాసు కోసం కాదు, ఊరికే. ఎవరికి చూపించాలో తెలియక పుస్తకాల కింద పెట్టాను.

ఆ పదమూడు గురించి ఏమైనా తేలిందా? ఒక్కరైనా ఒప్పుకున్నారా?

పండగ ముద్దులతో
ఐలీన్

*

స్కెర్‌బీ
14 జనవరి 1994

ఐలీన్ తల్లీ,

ముందు పండగ సంగతి. డోరీన్ నా దగ్గర లేదు. నేను నీ దగ్గరికి వెళ్తున్నానని ఆవిడతో చెప్పాను, ఆవిడ తన మరిది ఇంటికి వెళ్తున్నానని నాతో చెప్పింది. ఆ మధ్యాహ్నం మూడింటికి కాస్త నడుద్దామని సముద్రం ఒడ్డుకు వెళ్తే, ఎదురుగా ఆవిడే వస్తోంది, కొత్త టోపీ పెట్టుకుని. ఇద్దరం ఆగాం. గాలి బాగా ఉంది కదా అంది. అవునన్నాను. ఎవరింటికి వాళ్లం వెళ్లాం. ఆ గాలి మాట గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇద్దరు ముసలివాళ్లం, ఇంటికి రమ్మని ఒకళ్లనొకళ్లు అనడానికి నోరు రాలేదు.

ఇక నిన్నటి సంగతి.

పొద్దున్నే గిన్నె మెట్ల కింది నుంచి తీశాను. కీమా, మెదిపిన దుంపలు, ఆపిల్ పుడ్డింగు, కస్టర్డ్. ఆర్నాల్డ్ గుడ్డలు ఇస్త్రీ చేసి తెచ్చాడు. అందరూ వచ్చారు. అందరూ ఏప్రన్‌లు కట్టుకుని వచ్చారు. నేను గుమ్మంలో నిలబడి ఒక్కొక్కళ్లనే చూశాను. ఒక్కళ్లు కూడా ఏప్రన్ లేకుండా రాలేదు. కౌన్సిల్ ఆయన పన్నెండింటికి వచ్చాడు, పొడుగ్గా, జలుబుతో. మంచివాడే. వచ్చి ఒక మూల నిలబడ్డాడు. బల్లలు ఖాళీ. మేమంతా వంటింటి వైపు నిలబడ్డాం. అతను చేతి గడియారం చూసుకున్నాడు.

అప్పుడు తలుపు దగ్గర చప్పుడైంది. పెర్సీ. మంగళవారం ఆస్పత్రి నుంచి పంపించారు. చక్రాల కుర్చీలో, ఒళ్లో కత్తి, ఒక బంగాళాదుంప. దారిలో కూడా చెక్కు తీస్తూనే వచ్చాడు. అంబులెన్సు అతను లోపలికి తోసి, ఎక్కడ పెట్టమంటారని అడిగాడు. చక్రాల కుర్చీ వంటింటి గుమ్మంలో పట్టదు తల్లీ. అతను చూసి చూసి కిటికీ దగ్గరి బల్లకు తీసుకెళ్లి పెట్టాడు. పూలున్న బల్ల.

అంత పెద్ద హాల్లో, అన్ని బల్లల మధ్య, పెర్సీ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మేమంతా నిలబడి అతన్ని చూస్తున్నాం. అతని మెడ ఎర్రబడిపోయింది. దుంపను జేబులో పెట్టుకున్నాడు. చేతులు బల్ల మీద పెట్టాలో ఒళ్లో పెట్టాలో తెలియలేదు. నా వైపు చూసి, “నేను లేవలేను మావిస్” అన్నాడు, తప్పు చేసినట్టు.

కౌన్సిల్ ఆయన ముక్కు తుడుచుకుని, భోజనానికి ఈయన ఒక్కరేనా అని అడిగాడు.

నేనేమీ ఆలోచించలేదు. మంచిదాన్ననో ధైర్యవంతురాలిననో అనుకోకు. అతను ఒక్కడే కూర్చోవడం చూడలేకపోయాను, అంతే. ఏప్రన్ విప్పాను. ముడి గట్టిగా పడి రాలేదు. డోరీన్ వచ్చి వెనక నుంచి విప్పింది. నడిచి వెళ్లి పెర్సీ ఎదుట కుర్చీ లాక్కున్నాను. కూర్చునే ముందు చెయ్యెత్తాను, బళ్లో పిల్లలాగా. “నేను తినడానికి వచ్చాను” అన్నాను.

“ఏం మావిస్, మీ ఇంట్లో వండుకోలేదా?” అన్నాడు పెర్సీ.

“ఒక్కదాన్నే తినబుద్ధి కావడం లేదు పెర్సీ.”

ఆ మాట ఇంతమందిలో అంటాననుకోలేదు. మీ పెదనాన్న పోయిన ఇన్నేళ్లలో గోడలతో కూడా అనలేదు. హాలంతా విన్నది. ఆ తర్వాత నా వెనక ఒక కుర్చీ జరిగింది. నేను తిరిగి చూడలేదు. ఇంకోటి జరిగింది. డోరీన్ వచ్చి నా పక్కన కూర్చుని, ఏప్రన్ మడిచి తొడల కింద దాచుకుంది. “రేడియో పాడైంది” అంది. ఆఖరికి నిలబడి ఉన్నవాడు ఆర్నాల్డ్ ఒక్కడే. ఎవరో ఒకరు వడ్డించాలి కదా. భుజం మీద గుడ్డ వేసుకుని, ఏదో పెద్ద హోటల్లో లాగా ఎడమ వైపు నుంచి వడ్డించాడు. అందరికీ అయ్యాక కౌన్సిల్ ఆయన ముందుకు వచ్చి అతని చేతిలోంచి గరిటె తీసుకున్నాడు. “మీరూ కూర్చోండి సర్, నాకు కస్టర్డ్ పొయ్యడం వచ్చు” అన్నాడు. సగం గుడ్డ మీద పోశాడు. హాలు మనదే అని మీ మిసెస్ లాంగ్లీకి ఫోను చేస్తానన్నాడు.

ఒక్క సంగతి చెప్పి ఆపుతాను. ఆ హాలు కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది ఐలీన్. చర్చి గోడ పక్క నుంచి ఒక చీలిక, అంతే. కూర్చుంటేనే కనిపిస్తుంది. నిలబడితే కళ్లకు అడ్డంగా కిటికీ కొయ్య వస్తుంది. పదేళ్లు ఆ బల్ల మీద పూలు సర్దాను. మన బోర్డింగ్ హౌస్‌లోనూ కిటికీ దగ్గరి బల్లకు నేనెప్పుడూ అద్దం వైపు వీపు తిప్పుకునే వడ్డించాను. బ్రాడ్‌ఫోర్డ్ ఆవిడ ఏటా అదే బల్ల ఎందుకు అడిగేదో నిన్న తెలిసింది.

సాయంత్రం ఇంటికొచ్చి మామూలుగానే సింకు దగ్గర నిలబడి రొట్టె తిన్నాను. ఇల్లు ఇల్లే. గురువారం వారానికి ఒక్కటే వస్తుంది. అయినా ఇవాళ పొద్దున్నే పెర్సీ ఇంటికి వెళ్లాలి, దుంపలెన్నో అడగడానికి.

నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. కుర్చీ మీద పుస్తకాలు, సింకు పక్కన భోజనం, పండగనాడు వడ్డన. ఇవన్నీ నువ్వు నా దగ్గర నేర్చుకున్నావు. అది నేర్పాలని నేననుకోలేదు.

కిటికీ దగ్గర నాలుగో కుర్చీ ఖాళీ.

మీ పెద్దమ్మ

*

వోల్డన్
17 జనవరి

పెద్దమ్మా,

నీ ఉత్తరం వచ్చినప్పుడు చేతిలో రొట్టె ముక్క ఉంది. సింకు పక్కనే నిలబడి చదివాను. చదివాక పుస్తకాలు ఒక్కొక్కటే కిందపెట్టి, కుర్చీ తుడిచి కూర్చున్నాను. రొట్టె పళ్లెంలో పెట్టుకుని తిన్నాను. ఎదురుగా గోడే. చాలాసేపు పట్టింది. ఇంత చిన్న రొట్టెకి అంతసేపు పడుతుందని ఎప్పుడూ తెలియదు.

ఆ ‘బలోపేతం’ అన్న మాట ఈమధ్య నా నోట్లోకి రావడం లేదు. ఎటు పోయిందో వెతకలేదు.

మిసెస్ లాంగ్లీని గురువారం సెలవు అడిగాను. ఆఫీసు పని మీదైతే సెలవెందుకు, చుట్టమున్న చోటికైనా ఈసారి పంపిస్తాను, వెళ్లి రా అన్నారు. పని మీద కాదన్నాను. మరెందుకన్నారు. నా మొహం కూడా పెర్సీ గారి మెడలాగే ఎర్రబడి ఉంటుంది.

పొద్దుటి బస్సుకు వస్తాను. ఏప్రన్ తేను. ఎవరైనా అడిగితే నేనే చెయ్యెత్తుతాను.

ఐలీన్